ఐదు రోజులు, మేమిద్దరమే: అండమాన్ వెళ్దామా, ఇంకేదైనా నయమా?

స్వర్ణముఖి (తిరుపతి)
అందరికీ నమస్కారం. మాకు పెళ్లయి చాలా ఏళ్లయింది, ఇద్దరు పిల్లలు, మా ఆయనకి గాంధీ రోడ్డు దగ్గర బట్టల కొట్టు, నేను టీచర్ని. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు, ఏ వారం చూసినా కొండకి వచ్చిన చుట్టాలు ఇంట్లో ఉంటారు. వాళ్లు రావడం మాకు సంతోషమే, స్వామి పేరు చెప్పుకుని నాలుగు మెతుకులు పెట్టే భాగ్యం అందరికీ రాదు. కానీ మేమిద్దరం కూర్చుని తీరిగ్గా మాట్లాడుకుని ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. ఇంట్లో జనం లేని రోజు ఫోన్లు ఉంటాయి, మూడొందల టికెట్లు ఎప్పుడు వదుల్తారు, గది దొరుకుతుందా, ఎవరైనా తెలిసినవాళ్లు ఉన్నారా అని.

సంక్రాంతి అమ్మకాలు అయిపోయాక కొట్టు మా మరిదికి అప్పగిస్తానని ఆయనే అన్నారు. పిల్లల్ని అత్తమ్మ చూసుకుంటానన్నారు. ఐదు రోజులు దొరుకుతాయి, అంతకుమించి ఒక్క రోజు కూడా లేదు. సముద్రం మధ్యలో ద్వీపం, తెల్ల ఇసుక, అదే కావాలని నాకు ఎప్పట్నించో ఉంది. అండమానా, లక్షద్వీపమా, మాల్దీవులా? ఇద్దరికీ కలిపి లక్ష లోపు అయిపోవాలి. ఆయనకి బస్సు ఘాట్‌లో ఎక్కినా కడుపులో తిప్పుతుంది, నాకు ఈత రాదు, శనివారం మేము నీచు ముట్టం. ఇవన్నీ పెట్టుకుని అంత దూరం పోవడం మంచిదేనా? పోయొచ్చినవాళ్లు చెప్పండి.

అలిపిరిమెట్లు (తిరుపతి)
వెళ్లండి అక్కా, రెండో ఆలోచన వద్దు. మీ ఐదు రోజులకి అండమానే సరిపోతుంది. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు, జనం మాత్రం ఇంకా పాత పేరే అంటున్నారు) దాదాపు 1,370 కిలోమీటర్లు, విమానంలో రెండుంపావు గంటలు. మన దేశమే కాబట్టి పాస్‌పోర్టు, వీసా గొడవ లేదు, ఆధార్ చాలు.

ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెప్తాను. చెన్నైలో విమానం పొద్దున్నే ఉంటుంది. తిరుపతిలో అర్ధరాత్రి బస్సెక్కి నేరుగా పోయి విమానం అందుకుందాం అనుకోవద్దు. ముందురోజు సాయంత్రం రైలెక్కి సెంట్రల్‌లో దిగితే అక్కడి నుంచే మెట్రో విమానాశ్రయం దాకా పోతుంది, ఆ చుట్టుపక్కలే ఎక్కడైనా పడుకోండి. నిద్రలేకుండా మొదలైన ప్రయాణంలో మొదటి రోజు మొత్తం పోతుంది, మీకున్నవే ఐదు.

తోతాపురి (చిత్తూరు)
చిత్తూరు వైపు వాళ్లు కూడా చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా. మనకి రోడ్డే సుఖం. రాణిపేట, వాలాజా, శ్రీపెరంబుదూరు మీదుగా పోతే చెన్నై ఊళ్లోకి దూరకుండానే మీనంబాకం చేరిపోవచ్చు. తిరుపతి వాళ్లకి పుత్తూరు, నగరి, తిరుత్తణి దారి. మేము మా బావమరిది కారులో పోయి అక్కడ దిగినాం, ఆయన వెనక్కి వచ్చేసినాడు, తిరిగి వచ్చేటప్పుడు మెట్రో, రైలు.

హార్స్‌లీకొండ (మదనపల్లె)
నాకో సందేహం, తప్పుగా అనుకోవద్దు. సముద్రమే కావాలంటే మన దగ్గర లేదా? తుపిలిపాళెం ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది, నెల్లూరు పక్కన మైపాడు ఉంది, పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. లక్ష రూపాయలు పెట్టి చూడాల్సింది ఏముంది? నీళ్లే కదా. ఆ డబ్బుతో పిల్లలకి ఏమైనా చేయొచ్చు, పైగా పిల్లల్ని వదిలేసి పోవడం నా మనసుకి పట్టడం లేదు.

పులికాట్ (సూళ్లూరుపేట)
మా ఒడ్డు గురించి నన్నే చెప్పనివ్వండి. తుపిలిపాళెం మాకు దగ్గర, చిన్నప్పటి నుంచి తిరిగిన చోటు, నాకు ప్రాణం. తెల్లవారుజామున వలలు లాగేటప్పుడు చూడాలి. కానీ అదీ ఇదీ ఒకటి కాదు సార్. మన తీరానికి పెన్న, స్వర్ణముఖి లాంటి నదులు ఒండ్రు తెచ్చి పోస్తాయి, తీరం నేరుగా తెరుచుకుని ఉంటుంది, అల గట్టిగా వచ్చి కింది ఇసుకని రేపుతుంది, అందుకే నీళ్లు ఎప్పుడూ కలక. హావ్‌లాక్ లాంటి చిన్న అండమాన్ దీవిలో పెద్ద నదులే లేవు. పైగా ఒడ్డుకి కాస్త దూరంలో పగడపు దిబ్బలు ఉన్నచోట అల అక్కడే విరిగిపోయి లోపలికి మెల్లగా వస్తుంది. ఆ ఇసుక కూడా చాలావరకు పగడాలు, గవ్వలు అరిగి అరిగి అయిన పొడి. అందుకే నడుములోతు నీళ్లలో నిలబడినా మన కాలివేళ్లు మనకి కనబడతాయి. నేను సముద్రం పక్కనే పుట్టి పెరిగినవాణ్ని, అయినా అక్కడ మొదటిసారి నీళ్లలోకి దిగినప్పుడు కదలకుండా చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

కాణిపాకంవాసి (చిత్తూరు)
పిల్లల్ని వదిలి పోవడం గురించి పెద్దవాణ్నిగా ఒక మాట. పిల్లలు అవ్వ దగ్గర ఉంటున్నారు, పరాయి చోట కాదు. మా కాలంలో ఇలాంటి ఆలోచనే ఉండేది కాదు, బండి కట్టుకుని తీర్థానికి పోతే ఇల్లంతా పోయేది. నేనూ మా ఆవిడా ఇద్దరమే ఒక ఊరికి పోయింది నా రిటైర్మెంట్ తర్వాతే, అప్పటికి ఆమెకి మోకాళ్ల నొప్పులు. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే పోండమ్మా. అత్తగారు తానుగా చూసుకుంటానని అంటే అంతకన్నా ఏం కావాలి.

హార్స్‌లీకొండ (మదనపల్లె)
పెద్దాయన చెప్పాక నేనేం అనను. పులికాట్ గారు చెప్పిన నీళ్ల సంగతి నాకు కొత్త. అయితే అందరూ అండమానే అంటున్నారు, లక్షద్వీపం ఎందుకు కాదు? అక్కడ కూడా పగడపు దీవులే కదా.

తోతాపురి (చిత్తూరు)
లక్షద్వీపం అందం గురించి వంక పెట్టేది లేదు. కానీ అక్కడికి మన దేశస్థులకి కూడా ముందుగా అనుమతి పత్రం కావాలి. కొచ్చి పోయి అక్కడి నుంచి అగత్తికి చిన్న విమానం, సీట్లు తక్కువ. తిరుపతి నుంచి కొచ్చి చేరేసరికే ఒక రోజు పోతుంది. తీరిక ఉన్నవాళ్లకి సరే, ఐదు రోజులవాళ్లకి టెన్షన్. మాల్దీవులకి మనకి ముందస్తు వీసా అక్కర్లేదు, దిగినాక ఊరికే ముద్ర వేస్తారు. కానీ మాలేలో దిగాక రిసార్టు దీవికి స్పీడ్ బోటో నీటివిమానమో ఎక్కాలి, దాని ఖర్చు వేరు, తలకి రాత్రికి ఇంతని డాలర్లలో గ్రీన్ టాక్స్ వేరు, తిండి ఆ దీవిలో వాళ్లు పెట్టిందే తినాలి, బయటికి పోయి దోసె తినొచ్చే వీలుండదు. లక్ష లోపు అన్నారు కాబట్టి అది తీసి పక్కన పెట్టండి.

జంగ్లీఘాట్ (పోర్ట్‌బ్లెయిర్)
నేను ఇక్కడే పుట్టినవాడిని, మా తాతది శ్రీకాకుళం జిల్లా. స్వర్ణముఖి గారూ, భాష గురించి మీరేం బెంగ పెట్టుకోకండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మందికి పైగా తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. ఆటో ఎక్కి హిందీలో తడబడుతుంటే డ్రైవర్ "ఏ ఊరండీ మీది" అని అడగడం ఇక్కడ మామూలే. ఇడ్లీ, దోసె, సాంబారన్నం పోర్ట్‌బ్లెయిర్‌లో వీధికొకచోట దొరుకుతాయి. హావ్‌లాక్‌లో కూడా శాకాహార భోజనం ఉంది కాబట్టి శనివారం ఇబ్బంది లేదు. మిగతా రోజుల్లో చేప తినేవాళ్లయితే తాజాది తినిపోండి.

మీరు వచ్చేది జనవరి చివర అంటే మంచి కాలం. మే మధ్య నుంచి వానలు దిగుతాయి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను భయం ఉంటుంది, మీ చెన్నై వైపు కూడా అప్పుడే వానలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం మర్యాదగా ఉంటుంది.

ఇంకోటి, ఇక్కడ పొద్దు త్వరగా గుంకుతుంది. గడియారం అదే కానీ మేము మీకంటే బాగా తూర్పున ఉన్నాం, తిరుపతి కంటే దాదాపు యాభై నిమిషాల ముందే తెల్లారి అంతే ముందుగా చీకటి పడుతుంది. జనవరి చివర ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం కునుకు తీసి నాలుగున్నరకి తీరిగ్గా బయల్దేరితే బీచి చేరేసరికి చీకటే. మన ఊరి పద్ధతి ఇక్కడ పనికిరాదు, నాలుగున్నరకి లేచి, రాత్రి ఎనిమిదికి పడుకోండి.

కుప్పంరైలు (కుప్పం)
అన్నా నేను పోయినప్పుడు ప్యాకేజీలో అన్నీ చూపించినారు. పోర్ట్‌బ్లెయిర్, రాస్ ఐలాండ్, నార్త్ బే, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్, మొత్తం. అక్కకి కూడా అదే బెస్ట్ అనుకుంటా, అంత దూరం పోయి సగం చూసి రావడం ఎందుకు? రోజుకొక చోటు పెట్టుకుంటే అన్నీ అయిపోతాయి.

అలిపిరిమెట్లు (తిరుపతి)
తమ్ముడూ, నువ్వు స్నేహితులతో పోయినావు, ఆ లెక్క వేరు. ఆమె అడిగింది ఏమిటి? ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలని. రోజుకొక జెట్టీ, రోజుకొక గది, పొద్దున్నే సంచులు సర్దడం, పడవకి గంట ముందు పోయి వరసలో నిలబడడం, ఇదంతా ఇంట్లో చుట్టాలకి చేసే చాకిరీ లాంటిదే అవుతుంది. అక్కా, హావ్‌లాక్ ఒక్కటే పెట్టుకోండి. దిగిన రోజే మధ్యాహ్నం పడవకి హావ్‌లాక్ పోండి, మూడు రాత్రులు ఒకే గదిలో ఉండండి, నాలుగో రోజు వెనక్కి పోర్ట్‌బ్లెయిర్ వచ్చి అక్కడ పడుకుని మర్నాడు విమానం. నీల్ కూడా బాగుంటుంది, భరత్‌పూర్ బీచి దగ్గర నీళ్లు లేత ఆకుపచ్చ, లక్ష్మణ్‌పూర్ దగ్గర ఆటు సమయంలో బయటపడే రాతి వంతెన ఉంది. కానీ అది ఏడు రోజులున్నవాళ్లకి.

జంగ్లీఘాట్ (పోర్ట్‌బ్లెయిర్)
అలిపిరిమెట్లు గారు చెప్పిన దాంట్లో ఒక్క మాట మళ్లీ చదవండి, చివరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే పడుకోవాలి. విమానం ఉన్న రోజు పొద్దున హావ్‌లాక్ నుంచి పడవలో వచ్చి ఎక్కేద్దాం అనుకునేవాళ్లు ఏటా కనబడతారు. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు, ఆ మాట చివరి నిమిషంలోనే తెలుస్తుంది, జెట్టీ దగ్గర ఆడవాళ్లు ఏడవడం నేను చూశాను.

బారాటాంగ్ సంగతి కూడా చెప్పాలి. ఆ దీవికి పోయే రోడ్డు జరావా అనే ఆదిమ తెగ వాళ్ల అడవి మధ్యలోంచి పోతుంది. తెల్లవారుజామున లేచి పోలీసు కాన్వాయ్‌లో పోవాలి, సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం చూసి సాయంత్రానికి వస్తారు. కానీ చాలామంది అసలు ఆశపడేది జరావాలని చూడాలని. వాళ్లు మనుషులు, జంతుప్రదర్శన కాదు. ఫోటో తీయడం, తినేవి విసరడం 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం కింద నేరం. మీకున్న ఐదు రోజుల్లో అటు పోవద్దనే నా మాట, రోజులు ఎక్కువున్నా నేను అదే చెప్తాను.

స్వర్ణముఖి (తిరుపతి)
ఎంత వివరంగా చెప్పారండీ అందరూ. హావ్‌లాక్ ఒక్కటే అని ఖాయం చేశాం. ఇప్పుడు ఆయన భయం పడవ గురించి. ఎంతసేపు? వాంతులవుతాయా? ఇంకా ఆ స్కూబా అంటారే, గాలి సిలిండరు తగిలించుకుని నీళ్ల కిందికి దిగేది, ఈత రానివాళ్లు చేయొచ్చా?

తోతాపురి (చిత్తూరు)
ప్రైవేటు పడవలైతే గంటన్నర చిల్లర. మక్రూజ్, నాటికా లాంటివి తిరుగుతాయి, మనిషికి వెయ్యి పైనే అవుతుంది. అద్దాలు బిగించి ఏసీ పెట్టిన హాల్లో కూర్చోబెడతారు. ప్రభుత్వ ఫెర్రీ చవక, రెండు గంటలు దాటుతుంది, కానీ డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. కడుపులో తిప్పేవాళ్లకి గాలి తగిలితేనే నయం, మా ఆవిడ అలాగే వచ్చింది. మూసిన హాల్లో అయితే కింది అంతస్తులో, నడిమి నుంచి వెనక్కి ఉండే సీట్లు అడగండి, ముందు వరసలోనే కుదుపు ఎక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా నీటి గీత మీదే చూపు పెట్టాలి.

డాక్టరమ్మ (పుత్తూరు)
పడవ ఎక్కడానికి అరగంట, గంట ముందే మాత్ర వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది. ఏ మాత్ర అనేది మీ డాక్టర్ని అడిగి తీసుకోండి, ఎందుకంటే బీపీకో షుగర్‌కో ఏదైనా వాడుతుంటే చూసుకోవాలి, నిద్ర కూడా ముంచుకొస్తుంది. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, నిండా తినీ ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు చాలు.

స్కూబా ఈత రానివాళ్లు కూడా చేస్తారు, శిక్షకుడు మిమ్మల్ని వదలకుండా పట్టుకునే ఉంటాడు. కానీ ఆస్తమా, చెవిలో చీము, సైనస్, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు దిగకూడదు. జలుబు ఉన్న రోజు కూడా వద్దు, చెవిలో ఒత్తిడి సమం కాక కర్ణభేరి దెబ్బతింటుంది. లోపలికి దిగేకొద్దీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు తెరుచుకునేలా చేయాలి, నొప్పి వస్తే వెంటనే చేత్తో సైగ చేయాలి, ఓర్చుకోకూడదు. ఫారంలో ఆరోగ్యం గురించి అడిగిన ప్రశ్నలకి నిజమే రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, నీళ్లలో మునిగిన తర్వాత 18 గంటల దాకా విమానం ఎక్కకూడదు. ఒత్తిడిలో రక్తంలో కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే పైకి లేస్తే బుడగలు కట్టి కీళ్లలో, నరాల్లో ప్రమాదం తెస్తుంది. అందుకని అది రెండో రోజే పెట్టుకోండి.

కాణిపాకంవాసి (చిత్తూరు)
నాలుగో రోజు సాయంత్రం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంటారు కదమ్మా, సెల్యులార్ జైలుకి తప్పకుండా పోండి. భార్యాభర్తలు సరదాకి పోతే జైలు చూపించేదేమిటని మా అల్లుడు అన్నాడు. నేను ఒప్పుకోను. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, ఏడు రెక్కల కట్టడం, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోవాడికి ఇంకో గదిలోవాడి ముఖం కనబడకుండా ఒక రెక్క ముందుభాగం ఇంకో రెక్క వీపుకి ఎదురుగా వచ్చేలా కట్టారు. ఎద్దుల్లాగా గానుగ తిప్పించి రోజుకి ముప్పై పౌండ్ల కొబ్బరినూనె తీయమనేవాళ్లు. మన రంప తిరుగుబాటు వాళ్లని, అల్లూరి వెంట నడిచిన గిరిజనులని కూడా ఈ దీవికి పంపించారు. సాయంత్రం వెలుగు, ధ్వని ప్రదర్శన ఉంటుంది, టికెట్ ముందే తీసుకోండి. తెలుగువాడు ఆ నేల తొక్కి ఆ గది ముందు ఒక్క నిమిషం నిలబడకుండా రాకూడదు.

పులికాట్ (సూళ్లూరుపేట)
రాధానగర్ గురించి ఎవరూ చెప్పలేదు. హావ్‌లాక్‌కి (2018 చివర స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు) పడమటి వైపు ఉంటుంది, జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్లు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన బీచి అంది, 2020లో శుభ్రమైన బీచిలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అడవి సరిగ్గా ఇసుక దాకా వచ్చి ఆగుతుంది, అంత ఎత్తు చెట్లు సముద్రం పక్కన నేను ఇంకెక్కడా చూడలేదు. మూడు గంటలకల్లా అక్కడ ఉండండి. ఈత రాకపోతే లైఫ్‌గార్డు చూపించిన జెండాల మధ్యే, మోకాళ్ల లోతులోనే. మొసళ్ల గురించి బోర్డులు ఉంటాయి, అవి ఊరికే పెట్టినవి కావు, ఉప్పునీటి మొసలి ఈ దీవుల్లో నిజంగా ఉంది. వల కట్టిన మేర దాటొద్దు, చీకటి పడ్డాక నీళ్లలో కాలు పెట్టొద్దు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకోవద్దు. చచ్చిన పగడమే కదా అనిపిస్తుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద అదీ నిషేధమే, విమానాశ్రయంలో సంచి స్కానింగ్‌లో కనబడితే తీసి పక్కన పెడతారు, కేసు కూడా కావచ్చు. చట్టం సంగతి ఉంచి, ఖాళీ గవ్వ దొరక్క సన్యాసి పీతలు ఇబ్బంది పడతాయి, వాటికి అదే ఇల్లు. నీళ్లలో పగడాల మీద నిలబడొద్దు కూడా. 2010లోనూ 2016లోనూ నీళ్లు వేడెక్కి అక్కడి పగడాలు చాలా తెల్లబారిపోయాయి.

స్వర్ణముఖి (తిరుపతి)
పోయొచ్చాం! రాసి తీరాలని వచ్చిన వెంటనే కూర్చున్నాను, ఇంట్లో మళ్లీ చుట్టాలు ఉన్నారు, మధ్యమధ్యలో లేవాల్సి వస్తోంది, వరస తప్పితే మన్నించండి.

పడవలో ఆయనకి ఏమీ కాలేదు. డాక్టరమ్మ గారు చెప్పినట్టు మాత్ర, రెండు ఇడ్లీలు. కింద వెనక సీట్లలో కూర్చున్నాం. సముద్రం నిజంగా మర్యాదగా ఉంది, జంగ్లీఘాట్ గారి మాటే. మేము ఎక్కిన ఆటో డ్రైవర్ది టెక్కలి, మాది తిరుపతి అనగానే బండి ఆపి దిగి, కొండవైపు అనుకుని ఎటో తిరిగి దండం పెట్టుకున్నాడు. ప్రసాదం తెచ్చారా అని అడిగితే సంచిలో లడ్డు ఉంది, సగం ఇచ్చాం. కళ్లకద్దుకుని కాగితంలో చుట్టి ఇంటికి తీసుకుపోతానన్నాడు.

మూడు రాత్రులూ ఒకే గది, ఎక్కడికీ పరుగు లేదు. ఆ ఒక్క సలహాకే మీకందరికీ ఎంత చెప్పినా తక్కువే. పక్క గదిలోవాళ్లు రోజూ పొద్దున్నే సంచులు పట్టుకుని పరిగెత్తుతుంటే మేము వరండాలో టీ తాగుతూ చూశాం.

కాలాపత్థర్ బీచికి చీకటుండగానే పోయాం, స్కూటర్ అద్దెకి తీసుకుని. నల్లరాళ్లు, మధ్యలో తెల్ల ఇసుక, ఎవరూ లేరు. ఆయన ఒక రాయి మీద కూర్చుని కిందికి చూస్తూ ఉండిపోయారు. ఏంటా అని వెళ్లి చూస్తే బొటనవేలంత గవ్వ నడుస్తోంది. ముందు రెండు సన్నటి కాళ్లు, ఎర్రగా, తర్వాత కళ్లు, మా నీడ పడగానే లోపలికి ముడుచుకుంది. కదలకుండా ఉంటే కాసేపటికి మళ్లీ ఒక కాలు బయటికి పెట్టి, ఆగి, ఇంకోటి పెట్టి, ఇసుక మీద కుట్టుమిషన్ కుట్టు పడ్డట్టు సన్నటి గీత గీసుకుంటూ పోయింది. ఆయన దాని వెంట రాళ్ల దాకా వంగి వంగి నడిచారు. కొట్టులో ఒక్క నిమిషం కుదురుగా నిలబడే తీరిక లేని మనిషి.

స్కూబా ఆయన చేశారు, రెండో రోజు పొద్దున. నేను దిగలేదు, నాకు సైనస్ ఉంది కాబట్టి డాక్టరమ్మ గారి మాటే విన్నాను. ఎలిఫెంట్ బీచికి పడవలో పోయి అద్దం పెట్టుకుని పైపైన చూశాను, గాలి నింపిన ట్యూబు పట్టుకుని, పక్కన మనిషి ఉన్నాడు. చారల చేపలు ముఖం దాకా వచ్చాయి. ఆ బీచి దగ్గర ఒకప్పుడు ఏనుగులు దుంగలు మోసేవట, సముద్రంలో ఈదే రాజన్ అనే ఏనుగు 2016లో చనిపోయిందని పడవవాళ్లు ఇంకా తమ ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్తారు.

రాధానగర్‌కి రెండు సాయంత్రాలు పోయాం. మొదటి సాయంత్రం నీళ్లలో ఆడుకున్నాం, చూడీదార్ మొత్తం తడిసిపోయింది, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి కాబట్టి ఆడవాళ్లు మొహమాట పడక్కర్లేదు. రెండో సాయంత్రం నీళ్లలోకి దిగనే లేదు. దుంగ మీద కూర్చుని మాట్లాడుకున్నాం. పెద్దవాడిని ఏ బడిలో వేయాలి, కొట్టు పైన ఇంకో అంతస్తు వేద్దామా వద్దా, వాళ్ల నాన్నగారి చివరి రోజుల్లో తాను ఎంత భయపడ్డారో, ఇవన్నీ. ఆ చివరిది ఇన్నేళ్లలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. మధ్యలో ఎవరూ పిలవలేదు, కాఫీ అడగలేదు.

జైలుకి పోయాం కాణిపాకం పెద్దాయనా. మీరు చెప్పింది నిజం. గానుగ దగ్గర ఆయన ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున విమానానికి ముందు పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు జేబులోంచి తీశారు, ఇంటి దగ్గరే దాచి తెచ్చుకున్నారట. దాని వెనక కొబ్బరిచెట్లు, దీపస్తంభం ఉంటాయే, అది పోర్ట్‌బ్లెయిర్ నుంచి కనబడే దృశ్యమే. ఇన్నేళ్లు గల్లాపెట్టెలో లెక్కపెట్టిన బొమ్మని ఎదురుగా పట్టుకుని సరిచూసుకున్నారు.

ఖర్చు లక్ష దాటలేదు. విమానం టికెట్లు బాగా ముందు తీసుకోవడం వల్లే. హావ్‌లాక్‌లో ఏటీఎం ఉన్నా చేతిలో నగదు ఉంచుకోండి, ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఒకలా లేదు. 2020లో చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేశాక చాలా నయమైందని అక్కడివాళ్లు అన్నారు. నాకు మాత్రం సిగ్నల్ లేని గంటలే ఇష్టమయ్యాయి. ఇసుకలో సన్నటి పురుగులు కుడతాయి, కాళ్లకి కొబ్బరినూనె రాసుకుని కూర్చోండి, అక్కడివాళ్లు చెప్పిన చిట్కా, నాకు పనిచేసింది.

హార్స్‌లీకొండ (మదనపల్లె)
చదివానమ్మా, రెండుసార్లు చదివాను. మా ఇంట్లో కూడా చదివి వినిపించాను. వచ్చే ఫిబ్రవరికి చూస్తున్నాం.

చంద్రగిరికోట (చంద్రగిరి)
అక్కా, మాకు మేలో పెళ్లి, ఆ నెలాఖరుకి పోదామని ఆయన అంటున్నారు. మీరు చెప్పిన హావ్‌లాక్ ప్లానే పెట్టుకోవచ్చా?

జంగ్లీఘాట్ (పోర్ట్‌బ్లెయిర్)
మే నెలాఖరు వద్దమ్మా. అప్పటికి ఇక్కడ వానలు పట్టుకుంటాయి, పడవలు రోజూ తిరుగుతాయనే నమ్మకం ఉండదు, నీళ్ల లోపల కూడా ఏమీ కనబడదు. గదులు చవకగా దొరుకుతాయి కదా అని చాలామంది ఆ నెలలోనే వస్తారు. పెళ్లి హడావుడి తగ్గాక జనవరిలో రండి, మా ఇంటికి భోజనానికి కూడా రండి.

స్వర్ణముఖి (తిరుపతి)
అవును చెల్లీ, జనవరికి పెట్టుకో. సంక్రాంతి అయిన వారం తర్వాత పోతే జనం కూడా కాస్త తగ్గుతారు. పడవ టికెట్లు విమానం టికెట్లతో పాటే తీసేసుకో, ఆ సీజన్‌లో మధ్యాహ్నం పడవ ముందు నిండిపోతుంది. మేమున్న గది వివరాలు కావాలంటే విడిగా మెసేజ్ పెట్టు, పంపిస్తాను.